టాబియా కళ్ళంలో కొన్న గుర్రం

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, చాప మీద ఇంకా చోటుంది. నేను చదువుకున్నవాణ్ణి కాను. నాలుగో క్లాసుతో బడి వదిలేసి చెరుకు తోటలోకి, అక్కణ్ణించి పశువుల్లోకి పోయాను. ఈ తెలుగు అక్షరాలు కూడా ఆదివారం పూట గుడి వసారాలో దిద్దినవే. రాత వంకరగా ఉంటే మన్నించండి. జ్ఞాపకం మాత్రం వంకర పోలేదు.

ఫిజీకి స్వతంత్రం వచ్చిన నాలుగో ఏడు, వానలు వెనకపట్టిన నెలలో, నన్ను లంబాసా నుంచి సెయంగంగా వైపున్న సర్కారు పశువుల స్టేషనుకి హెడ్ స్టాక్‌మన్‌గా వేశారు. ఈ పని తెలియనివాళ్ళకి హోదాలు చెబుతాను. అందరికన్నా కింద దినకూలీ. వాడి పైన స్టాక్‌మన్. వాడు గుర్రమెక్కి మందను తోలాలి, కంచెలు చూడాలి, దూడల చెవులకి గుర్తులు వెయ్యాలి. స్టాక్‌మన్‌ల మీద నేను. నా మీద ఫీల్డ్ అసిస్టెంటు, ఆయన మీద లైవ్‌స్టాక్ ఆఫీసరు. మా ఆఫీసరు గారు రాజధాని సువా మనిషి. ఎంత బురదలోనైనా మోకాళ్ళ దాకా తెల్ల మేజోళ్ళు వేసుకునే తిరిగేవారు. మంచివారే గానీ, పైనుంచి కాగితం లేకపోతే ఒక్క దూడని కూడా ఈ కొట్టంలోంచి ఆ కొట్టంలోకి మార్చేవారు కాదు.

దూడల కొట్టంలో మెరె అనే అమ్మాయి దినకూలీగా ఉండేది. పక్క ఊరి కాయివీతీ పిల్ల, అంటే ఈ నేల మీద మొదటినుంచీ ఉన్న ఫిజీవాళ్ళ పిల్ల. లంబాసా వైపు కాయివీతీలకి హిందీ మనకన్నా బాగా వస్తుంది, ఆ పిల్ల నన్ను బాబాయిని పిలిచినట్టు ‘కాకా’ అనే పిలిచేది. చిన్నప్పటి నుంచీ జీను లేకుండా గుర్రం మీద తిరిగిన పిల్ల. మందలోంచి తప్పిపోయిన దూడని, మా స్టాక్‌మన్‌లు పొద్దంతా వెతికి వదిలేసినదాన్ని, రెండుసార్లు తనే పట్టుకొచ్చింది. ఆ ఏడు ముసలి స్టాక్‌మన్ ఒకాయన రిటైరై చోటు ఖాళీ అయితే, మెరె ఆఫీసరు గారి బల్ల ముందు నిలబడి ఆ పని తనకిమ్మని అడిగింది.

ఆయన నవ్వలేదు, కసరనూ లేదు. ఇంతవరకూ ఆడమనిషి ఎవరూ ఈ పనిలో లేరని, పైవాళ్ళు అడిగితే తను ఏం చూపించాలని అడిగారు.

“ఏం చూపించమంటే అది చూపిస్తాను సార్,” అంది మెరె.

అప్పుడాయన ఒక షరతు పెట్టారు. ఆ ఏడాది లంబాసా వ్యవసాయ ప్రదర్శనలో కొత్తగా డ్రమ్ముల పందెం పెడుతున్నారు. ఒక ఆస్ట్రేలియా పశువుల డాక్టరు తెచ్చిన ఆట. నలభై నాలుగు గ్యాలన్ల ఖాళీ డ్రమ్ములు మూడు, ముక్కోణంలో నిలబెడతారు. గుర్రం దౌడు మీద వచ్చి, ఒక్కో డ్రమ్ముని దగ్గరగా చుట్టి, తిరిగి గీత దాటాలి. డ్రమ్ము పడితే గడియారానికి అయిదు సెకన్లు కలుపుతారు. వరస తప్పితే పందెంలోంచి తీసేస్తారు. ఇందులో కిటుకు ఏమిటంటే, మొదటి డ్రమ్ముని ఒక చేతి వైపు చుడితే, మిగతా రెండూ రెండో చేతి వైపు చుట్టాలి. మందలోంచి ఒక్క ఆవుని విడదీసే స్టాక్‌మన్‌కి కావలసిన పనితనం అంతా ఆ మూడు మలుపుల్లో ఉంది. ఒక్క డ్రమ్మూ పడకుండా పూర్తి చేస్తే, ఆమె పేరు తనే స్వయంగా సిఫారసు చేసి పంపుతానన్నారు ఆఫీసరు గారు. చెయ్యలేకపోతే దూడల కొట్టంలోనే ఉండాలి, మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు.

స్టేషను గుర్రాలు ఈ ఆటకి పనికిరావు. అవి ఎత్తు గుర్రాలు, మలుపు తిరగాలంటే చెరుకు లారీకి కావలసినంత చోటు కావాలి. ఆ ఏడు బడ్జెట్టులో ఒక పని గుర్రం కొనడానికి అనుమతి ఉంది. కొనుగోలు ఆఫీసరు గారి పని. కానీ ఆయన ఎల్‌పీఓ పుస్తకం నా చేతిలో పెట్టారు. ఎల్‌పీఓ అంటే సర్కారు తరఫున సరుకు తీసుకుంటున్నామని రాసిచ్చే చీటీ. దానితో పాటు పరీక్ష కాగితం ఉంటుంది: రంగు, వయసు, ఎత్తు, లోపాలు, చూసినవాడి సంతకం. కొన్న గుర్రాన్ని మూడు నెలలు చూస్తారు. పనికిరాదని తేలితే బోర్డ్ ఆఫ్ సర్వే అని ముగ్గురు వచ్చి, తిరిగి చూసి, రాసి, వేలానికి పంపిస్తారు. కొన్నవాడి పేరు ఆ ఫైల్లో అలాగే ఉండిపోతుంది. నాలుగో క్లాసు మనిషికి ఆ పుస్తకం ఇచ్చారంటే అది చిన్న సంగతి కాదు.

మొదట సెయంగంగా పొలాల్లోనే వెతికాను. అందరూ బిసేసర్ అనే చెరుకు రైతు గుర్రం పేరే చెప్పారు. నల్లటి పోతు గుర్రం, మిల్లు రైలు పట్టాల పక్కన ఇంజనుతో పోటీగా పరిగెత్తేదట. బిసేసర్ దాని మెడ నిమురుతూ, “కాకా, ఇది గుర్రం కాదు, ఏరోప్లేను,” అన్నాడు.

ఎక్కి చూశాను. పరుగు నిజమే. ఆపి తిప్పబోతే మాత్రం సగం పొలం దాటి, పక్కవాడి మొక్కజొన్న తొక్కి గానీ తిరగలేదు. “బాబూ, ఏరోప్లేను దిగాలంటే మైలు నేల కావాలి,” అన్నాను. “నాకు ఈ చాపంత చోటులో దిగేది కావాలి.”

“చాప మీద దిగేది కావాలంటే కోడిపెట్టని కొనుక్కో,” అన్నాడు వాడు. ఇద్దరం నవ్వుకుని, ఒక చిప్ప యంగోనా వేరు రసం తాగి విడిపోయాం.

అలా పది రోజులు తిరిగాను. ఒకదానికి గిట్ట పగిలింది, ఒకదానికి ఊపిరి చాలదు, ఒకదానికి మనుషులంటే కోపం. చివరికి లంబాసా దగ్గర టాబియాలో, దాహమేసి ఒక ఇంటి ముందు ఆగాను. అది సన్యాసమ్మ అక్క ఇల్లు. ఆమె, భర్త సింహాచలం బావ, చెరుకుతో పాటు తిండికి సరిపడా వరి వేసుకునేవారు. వాళ్ళదీ మాలాగే గిర్మిట్ మీద, అంటే చెరుకు తోటల కూలి ఒప్పందం మీద, వచ్చిన తెలుగు కుటుంబం. ఆ రోజు నూర్పిడి జరుగుతోంది. నేల అలికి, నడుమ గుంజ పాతి, పనలు పరిచి, రెండు ఎద్దుల్నీ ఒక ఎర్రమట్టి రంగు ఆడగుర్రాన్నీ బంతి కట్టి తిప్పుతున్నారు. బంతిలో గుంజకి దగ్గరగా ఉండే జంతువు అన్నిటికన్నా ఇరుకు మలుపు తిరగాలి. ఆ చోటు గుర్రానిది. దాని పేరు మైనా.

మంచినీళ్ళ చెంబు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెనక కాళ్ళు రెండూ పొట్ట కిందికి తెచ్చుకుని, భుజం వంచి, గుంజని రాసుకున్నట్టే తిరుగుతోంది. ఒక్కసారి కూడా తాడు గుంజకి చిక్కలేదు. డ్రమ్ము చుట్టూ తిరగాల్సిన తిరుగుడు నేను చెప్పకుండానే నా కళ్ళ ముందు జరిగిపోతోంది.

నూర్పిళ్ళకి వచ్చే ఏడు నుంచి ట్రాక్టరు మాట్లాడుకుంటున్నామని, గుర్రాన్ని ఇచ్చేస్తామని సింహాచలం బావే అన్నాడు. నేను చెయ్యవలసినదంతా చేశాను. పెదవి ఎత్తి పళ్ళు చూశాను, ఆరేళ్ళు. నాలుగు గిట్టలూ ఎత్తి వేలితో తట్టి చూశాను. కాలి నరాలు పైనుంచి కిందికి తడిమాను. గెనెం గట్టు మీద పరిగెత్తించి, ఆపి, డొక్క కదలిక లెక్కపెట్టాను. గెనేనికి ఎడమ పక్క కాలువ ఉంది గనక, కుడికి తిప్పి వెనక్కి తెచ్చాను. లోపాలు అన్నచోట ‘లేవు’ అని రాసి సంతకం పెట్టాను.

నా తప్పు అక్కడే జరిగింది. కళ్ళంలో పశువులు గుంజకి ప్రదక్షిణంగా, కుడిచేతి వైపే తిరుగుతాయి. ధాన్యం ఉండగా ఎడమకి తిప్పితే రాశి తరిగిపోతుందని మా ఇళ్ళలో నమ్మకం. చిన్నప్పుడు ఆటకి ఒక ఎద్దుని అలా తిప్పినందుకు మా నాయనమ్మ, ఆజీ, చీపురు తిరగేసి నా వీపు మీద వేసిన దెబ్బ ఇప్పటికీ గుర్తే. అందుకని ‘అటు కూడా తిప్పి చూపించు బావా’ అని అడగాలని నాకు తట్టనే లేదు. తట్టినా, పరాయివాళ్ళ కళ్ళం దగ్గర నిలబడి ఆ మాట నోట్లోంచి వచ్చేది కాదు. కాయివీతీ మనిషైనా, తెల్లవాడైనా నిమిషంలో అడిగేవాడు.

మర్నాడు మైనాని నడిపించుకుంటూ స్టేషనుకి వచ్చాను. దారి వంపుల్లో ఎడమకీ కుడికీ బాగానే నడిచింది. వంపు వేరు, మలుపు వేరు. ఆ సంగతి వచ్చాక తెలిసింది.

మెరె దాన్ని చూసి దగ్గరికి వెళ్ళింది. మెడ మీద చెంప ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత ఎక్కి, మేం నిలబెట్టిన డ్రమ్ముల దగ్గర కుడి మలుపు తిప్పింది. పనివాళ్ళంతా చప్పట్లు కొట్టారు. డ్రమ్ముకీ ఆమె మోకాలికీ మధ్య అరచెయ్యి పట్టే సందు ఉందేమో, అంతే. రెండో డ్రమ్మూ కుడికే, అదీ అంతే. కుడి మలుపులు రెండు వచ్చేలా వరస పెట్టుకోవచ్చు, కానీ మొదటి డ్రమ్ముకి ఒక్క ఎడమ మలుపు తప్పదు.

ఎడమ పగ్గం లాగింది. మైనా ఆగిపోయింది. నాలుగు కాళ్ళూ నేలకి దిగేసింది. ఇంకొంచెం లాగితే, చక్కగా కుడి పక్కనుంచి ముప్పాతిక చుట్టు తిరిగి, ఎడమ వైపుకి మొహం పెట్టి నిలబడింది. పని అయిందిగా అన్నట్టు చెవులు నిక్కించింది.

ఇసికేలి అని మా దగ్గర పాత స్టాక్‌మన్ ఒకడు. కంచె మీద కూర్చుని, “కాకా, సగమే తెచ్చావు. మిగతా సగం ఏ బస్సుకొస్తుంది?” అన్నాడు. కంచె పొడుగునా నవ్వులు. నేనూ నవ్వాను గానీ, మెరె నవ్వలేదు. దిగి, పగ్గం చేతికి చుట్టుకుని, ఆ మొదటి డ్రమ్ము వైపే చూస్తూ ఉంది.

నెలన్నర పాటు తంటాలు పడ్డాం. బరువైన ఇనప కళ్ళెం వేద్దామన్నాను నేను. మెరె వద్దంది. “నోరు నొప్పెడితే అది నన్ను మోస్తుంది కాకా, కానీ నాతో రాదు,” అంది. ముందుండి నడిపించాం, పక్కన ఇంకో గుర్రాన్ని పెట్టి నెట్టించాం. డ్రమ్ము దగ్గరకి రాగానే కాళ్ళు దిగెయ్యడమే. ఫీల్డ్ అసిస్టెంటు తన డైరీలో ‘పురోగతి లేదు’ అని వారం వారం రాసేవాడు. ఆఫీసరు గారు నన్ను పిలిచి, మూడు నెలలు నిండితే బోర్డు వాళ్ళకి రాయక తప్పదన్నారు. గొంతు పెంచలేదు. పెంచితే నాకు కాస్త తేలికగా ఉండేది.

మెరె నన్ను ఒక్క మాట అనలేదు. ఒక సాయంత్రం దూడల పాల బకెట్లు కడుగుతూ మాత్రం, “ఈ బకెట్లు నాతోనే ముసలివవుతాయి కాకా,” అంది. ఆ మాటతో నా సిగ్గు పక్కన పెట్టాను. మర్నాడే సెలవు రాసిచ్చి, ఒక పొట్లం పంచదార, ఒక పొట్లం టీ ఆకు పట్టుకుని టాబియా బస్సెక్కాను.

సన్యాసమ్మ అక్క సంగతంతా విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. “తమ్ముడూ, పళ్ళు చూశావు, గిట్టలు చూశావు, తోకెత్తి కూడా చూశావు. దానికి తిండి పెట్టేది నేనైతే, నన్నొక్క ముక్క అడిగావా?”

“ఇప్పుడు అడుగుతున్నాను అక్కా,” అన్నాను.

అప్పుడు చెప్పింది. కళ్ళంలోకి దింపేటప్పుడు గింజ మెయ్యకుండా మూతికి తాడు చిక్కం కట్టేవారు. మూతికి చిక్కం ఉన్నంతసేపూ కుడికే తిరగాలి. చిన్నతనంలో ఎడమకి తిరిగినప్పుడల్లా ముక్కు మీద దెబ్బ పడింది. సాయంత్రం పని అయ్యాక తనే చిక్కం ఊడదీసి, ఎడమ పక్కకి తిప్పి, వరిగడ్డి కుప్ప దగ్గరికి తోలేది. “ఎడమకి తిరగడం దానికి రాకపోవడమేం? రోజూ ఇంటికి వచ్చింది అటే. మూతికి ఏదైనా తగిలి ఉంటే మాత్రం తిరగదు. మీరు ఏం కట్టారు దాని మొహానికి?”

మా సర్కారు జీను సామానులో ముక్కు మీదుగా ఒక తోలు పట్టీ ఉంటుంది. స్టేషను గుర్రాలన్నిటికీ అది కడతాం. మైనా దాన్ని చిక్కం అనుకుంటోంది. ముప్పై గుర్రాలు చూసిన నాకు ఆ పట్టీ కనిపించడం మానేసి ఎన్నేళ్ళయిందో.

అక్క అంతటితో ఊరుకోలేదు. ఆ శనివారమే వరిగడ్డి మోపు ఒకటి బస్సు మీద వేయించుకుని స్టేషనులో దిగింది. ఆఫీసరు గారు ఎవరీమె అని అడిగితే, “నేను గుర్రం పుట్టింటిదాన్ని బాబూ, పిల్ల కాపరం ఎలా ఉందో చూడ్డానికి వచ్చాను,” అంది. ఆయన తెల్ల మేజోళ్ళ వైపు చూసి, “బురదలో నడవకండి, పాపం ఉతికేవాళ్ళు,” అని కూడా అంది. ఆయన నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ముక్కు పట్టీ తీసేశాం. అక్క మొదటి డ్రమ్ముకి అవతల, ఎడమ మలుపు తిరిగితే కనిపించే చోట, గడ్డి వేసి నిలబడింది. మెరె మైనాని నడకలోనే తెచ్చింది. డ్రమ్ము దగ్గర మైనా ఆగింది. తల విదిలించింది, మూతికి ఏమీ తగల్లేదు. ఒక్క క్షణం ఆలోచించి, ఎడమకి తిరిగింది. తిరిగి గడ్డి దగ్గరకి వెళ్ళి నమలడం మొదలుపెట్టింది. మెరె దాని మీద నుంచి వంగి సన్యాసమ్మ అక్క మెడ కౌగిలించుకుని, “వినాకా కాకీ, వినాకా,” అని తన భాషలో ధన్యవాదాలు చెబుతూనే ఉంది. “చాల్లే, జారి పడతావు,” అంది అక్క.

ఆ తర్వాత పని మెరెది. మూడు వారాలు తెల్లవారుజామున, దూడలకి పాలు పట్టకముందే సాధన. మొదట గడ్డి మోపు, తర్వాత గుప్పెడు, తర్వాత ఏమీ లేకుండా. నడక, తర్వాత దుడుకు నడక, చివరికి దౌడు. పందెం నియమాల్లో ముక్కు పట్టీ ఉండి తీరాలని ఎక్కడైనా ఉందేమోనని, ఆ కాగితం ఇద్దరితో వేరువేరుగా చదివించుకుని విన్నాను. ఎక్కడా లేదు.

ప్రదర్శన రోజున లంబాసా మైదానం నిండిపోయింది. పందెంలో పదకొండు గుర్రాలు, మెరె ఒక్కతే ఆడమనిషి. బిసేసర్ ఏరోప్లేను కూడా వచ్చింది. గాలిలా వచ్చి, మొదటి డ్రమ్ము దాటి, రెండో డ్రమ్ముని దొర్లించి, జనం మీదికి పోబోయి ఆగింది. బిసేసర్ దిగి నా పక్కకి వచ్చి, “కోడిపెట్టనే కొనాల్సింది,” అన్నాడు.

మెరె గీత దాటింది. సన్యాసమ్మ అక్క రేకుల పందిరి కింద భూజా కారప్పూస పొట్లం పట్టుకుని, “ఎడం! ఎడం!” అని అరుస్తోంది. మొదటి డ్రమ్ము దగ్గర మైనా అడుగు తడబడింది. మెరె పగ్గం లాగలేదు, చెయ్యి కొంచెం వదిలింది, అంతే. మైనా తల ఎడమకి తిప్పింది, ఒళ్ళు వెనకే వచ్చింది. ఆ తడబాటులో ఎంత సమయం పోయిందో పోయింది. తర్వాత రెండు కుడి మలుపులూ టాబియా కళ్ళంలో తిరిగినట్టే తిరిగింది. మూడు డ్రమ్ములూ నిలబడే ఉన్నాయి.

మూడో స్థానం వచ్చింది. కప్పు లేదు, ఒక రిబ్బను. సోమవారం ఉదయం ఆఫీసరు గారు మెరెని పిలిచి, టైపు చేసిన సిఫారసు కాగితం చదివి వినిపించి, ఆమె ముందే సంతకం పెట్టారు. సువా నుంచి జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ముందు ఆరు నెలల తాత్కాలిక నియామకం, తర్వాత ఖాయం. మైనాకి బోర్డు అవసరం పడలేదు. పరీక్ష కాగితం మీద ‘పనికి తగినది’ అని రాశారు. మెరె దాని మీద తొమ్మిదేళ్ళు మందను తోలింది. నేను రిటైరైనప్పుడు హెడ్ స్టాక్‌మన్ తాళాలు నా చేతిలోంచి తీసుకున్నది ఆమే.

మైనా తర్వాత, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, నేను సర్కారుకి ఇంకో పద్నాలుగు గుర్రాలు కొన్నాను. ప్రతిదాన్నీ రెండు వైపులా తిప్పించాను, దానికి తిండి పెట్టే మనిషిని పిలిపించి కూర్చోబెట్టి అడిగాను. కాగితంలో దానికి చోటు లేకపోతే అంచు మీద రాశాను. పశువుని కొనేవాడు ఏ ప్రశ్న అడగడం మర్యాద కాదనుకుంటాడో, దాన్నే ముందు అడగాలి. అడిగితే అమ్మేవాడు కాసేపు నొచ్చుకుంటాడు. అడగకపోతే కొన్నవాడి వెనక నిలబడ్డ మనిషి ఏళ్ళ తరబడి నష్టపోవచ్చు. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది.

ఇంతసేపు విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట గిన్నె నిండుగా, మాట మెత్తగా ఉండాలి. మీ ఆడపిల్లలు అడిగిన పని వాళ్ళకి దక్కాలి. మీ గడపలోకి వచ్చినవాళ్ళెవరూ ఆకలితో, అలకతో వెళ్ళకూడదు.